లెక్క ఒకచోట, వాడకం పదిచోట్ల

సూరత్ బ్రాంచిలో చేరిన మొదటి వారం. కౌంటరు అవతలి నుంచి “సారూ, మీరు తెలుగోళ్లా?” అన్న మాట వినిపించింది. తలెత్తి చూస్తే చేతిలో పాస్‌బుక్‌తో ఒక పెద్దాయన. పవర్‌లూమ్ కార్మికుడు. తండ్రి కాలంలోనే కరీంనగర్ వైపు నుంచి వచ్చి లింబాయత్‌లో స్థిరపడ్డారట. ఆ తర్వాత అలాంటి వాళ్లు రోజూ కనిపిస్తూనే ఉన్నారు. తెలంగాణ జిల్లాల నుంచి మగ్గాన్ని నమ్ముకుని తరతరాలుగా ఇక్కడికి వచ్చిన కుటుంబాలు ఎన్నో. వాళ్ల పిల్లల కోసం సూరత్ మునిసిపల్ కార్పొరేషన్ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోంది. నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యలో బండి మారకుండా వరంగల్‌లో దిగవచ్చు. అందుకే ఈ ఊరు నాకు పరాయి ఊరు అనిపించలేదు.

ఈ వ్యాసం మాత్రం ఊరి గురించి కాదు. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి సెలవుల్లో ఇంటికి వచ్చి, మా భోజనాల బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని చేసిన ఒక చిన్న ప్రాజెక్టు గురించి. దాని పేరు షేర్డ్ లైబ్రరీ. మన కుటుంబాల్లో కంప్యూటర్ చదువుతున్న పిల్లలు చాలామందే ఉన్నారు. వాళ్లు చెప్పేది మనకు అర్థం కాదని వదిలేస్తుంటాం. నేనూ అలాగే వదిలేసేవాణ్ణి. ఈసారి వినేసరికి, అది ముప్ఫై ఏళ్లుగా మనం బ్యాంకులో చేస్తున్న పనిలాగే ఉందని తెలిసింది.

రెండు చీటీల కథ

ముందు ఒక పాత సంగతి. చాలా ఏళ్ల కిందట, వేరే ఊళ్లో, వేరే బ్రాంచిలో పనిచేస్తున్నప్పటి మాట. కంప్యూటర్లు ఇంకా రాలేదు. డిపాజిట్‌కు గడువు తీరేనాటికి ఎంత వస్తుందో చెప్పడానికి ప్రతి కౌంటరులోనూ టైపు చేసిన ఒక పట్టిక ఉండేది. వడ్డీ రేటు మారినప్పుడల్లా సర్క్యులర్ వచ్చేది, పట్టిక మార్చేవాళ్లం. ఒకసారి ఒక కౌంటరులో పట్టిక మారింది, పక్క కౌంటరులో మారలేదు. బీడీలు చుట్టి కూడబెట్టిన డబ్బును కూతురి పెళ్లికని డిపాజిట్ చేయడానికి ఒకామె వచ్చింది. ఒక కౌంటరులో ఒక అంకె రాసిచ్చారు, రెండో కౌంటరులో ఇంకో అంకె రాసిచ్చారు. తేడా పెద్దదేమీ కాదు. ఆమె రెండు చీటీలూ నా బల్ల మీద పెట్టి, “సారూ, బ్యాంకు ఒక్కటే గదా, లెక్క రెండెట్లయితది?” అంది.

నా దగ్గర జవాబు లేదు. సరైన అంకె చెప్పి, క్షమించమని అడిగి పంపించాను. డిపాజిట్ చేసిందిగానీ, ఆమె ముఖంలో అనుమానం పోలేదు. తప్పు లెక్కలో లేదు. ఒకే లెక్కను నాలుగు చోట్ల నకలు తీసి పెట్టుకోవడంలో ఉంది. ఆ రోజు నుంచి బ్రాంచిలో ఒకే పట్టిక, అందరికీ అందేచోట గోడకు వేలాడదీశాం. మార్చాల్సి వస్తే అదొక్కటే మారుస్తాం.

మా అమ్మాయి ప్రాజెక్టు ఈ కథనే మళ్లీ నా ముందుకు తెచ్చింది.

మూడు ప్రోగ్రాములు, మూడు నకళ్లు

దాని ప్రాజెక్టులో ఒక చిన్న ఊహా బ్యాంకు. దానికి సి భాషలో మూడు ప్రోగ్రాములు రాసింది. ఒకటి పాస్‌బుక్ అచ్చువేస్తుంది. రెండోది వడ్డీ సర్టిఫికెట్ ఇస్తుంది. మూడోది సంవత్సరం చివర జాబితా తీస్తుంది. మూడింటికీ సేవింగ్స్ వడ్డీ లెక్క కావాలి. అందుకని మొదటి ప్రోగ్రాములో రాసిన వడ్డీ భాగాన్ని మిగతా రెండింటిలోకీ అలాగే నకలు చేసి అతికించింది.

“ఆ సూత్రం ఏమిటి నాన్నా?” అని నన్నే అడిగింది. ఇది మన ఇళ్లలో అందరూ తెలుసుకోదగ్గ విషయమే కాబట్టి ఇక్కడ కూడా చెబుతాను. 2010 మార్చి వరకు సేవింగ్స్ ఖాతాలో నెలలో 10వ తేదీ నుంచి ఆఖరి తేదీ వరకు ఉన్న కనీస నిల్వ మీదనే వడ్డీ కట్టేవాళ్లం. 2010 ఏప్రిల్ 1 నుంచి రిజర్వ్ బ్యాంకు ఆదేశం ప్రకారం ప్రతి రోజు నిల్వ మీదా కట్టడం మొదలైంది. అప్పటి రేటు 3.5 శాతం.

తేడా ఎంతో ఒక కార్మికుడి ఖాతాతో చూద్దాం. 2010 జూన్ 1 నుంచి 11 వరకు అతని ఖాతాలో 20,000 రూపాయలు ఉన్నాయి. 12న ఇంటికి పంపడానికి 18,000 తీశాడు. నెలాఖరు దాకా 2,000 మిగిలింది. పాత పద్ధతిలో కనీస నిల్వ 2,000 మీద నెల వడ్డీ 5 రూపాయల 83 పైసలు. కొత్త పద్ధతిలో 11 రోజులకు 2,20,000, మిగతా 19 రోజులకు 38,000, మొత్తం 2,58,000. దీన్ని 3.5తో గుణించి 36,500తో భాగిస్తే 24 రూపాయల 74 పైసలు. జీతం వచ్చిన వెంటనే ఊరికి డబ్బు పంపేవాళ్లకు, అంటే సూరత్‌లో నా కౌంటరు ముందు నిలబడేవాళ్లలో చాలామందికి, ఆ మార్పు ఎంత మేలు చేసిందో ఈ రెండు అంకెలే చెబుతాయి.

అమ్మాయి సూత్రాన్ని ప్రోగ్రాములో పెట్టింది. దశాంశాలతో పైసలు అటూ ఇటూ కాకుండా అన్నీ పూర్ణాంకాల్లోనే ఉంచింది. రూపాయలకు బదులు పైసలు, 3.5 శాతానికి బదులు 350. రెండింటినీ గుణించి 36,50,000తో భాగిస్తే వడ్డీ పైసల్లో వస్తుంది. చిన్న నిల్వలతో పరీక్షించింది, సరిగ్గా వచ్చింది. నేను చెప్పిన కార్మికుడి లెక్క ఇచ్చింది. 24 రూపాయల 74 పైసలు రావలసిన చోట 1 రూపాయి 20 పైసలు వచ్చింది.

ఇద్దరం కాగితం మీద గుణించి చూశాం. 2,58,00,000 పైసలను 350తో గుణిస్తే 903 కోట్లు. సి భాషలో మామూలు పూర్ణాంకానికి సాధారణంగా 32 బిట్ల చోటు ఉంటుంది. అందులో పట్టే పెద్ద అంకె 214,74,83,647, అంటే సుమారు 214 కోట్లు. 903 కోట్లు అందులో పట్టవు. పై అంకెలు పొంగిపోయి, మిగిలినదాన్నే ప్రోగ్రాము భాగించింది. హెచ్చరికా లేదు, ఆగిపోవడమూ లేదు. నమ్మకంగా తప్పు అంకె చూపించింది. బ్యాంకు మనిషిగా నాకు ఒళ్లు జలదరించిన చోటు అది.

గుణించే ముందు 64 బిట్ల చోటులోకి మార్చమంటే సరిపోతుంది. మార్చింది. పాస్‌బుక్ సరైంది. వడ్డీ సర్టిఫికెట్ తీసి చూస్తే ఇంకా 1 రూపాయి 20 పైసలే! నకలు చేసిన మిగతా రెండు చోట్ల దిద్దడం మరిచిపోయింది. నాకు ఆ రెండు చీటీలు గుర్తొచ్చాయి. “తల్లీ, మీ బ్యాంకు ఒక్కటే కదా, లెక్క రెండెలా అవుతుంది?” అన్నాను. అప్పుడు ఆ కథ మొత్తం చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “అయితే గోడకు వేలాడదీద్దాం నాన్నా” అంది.

గోడకు వేలాడదీయడమే షేర్డ్ లైబ్రరీ

సి భాషలో మనం రాసేది మనుషులు చదివే అక్షరాలు. కంపైలర్ వాటిని యంత్రానికి అర్థమయ్యే ఆజ్ఞలుగా మారుస్తుంది. అలా మారిన ముక్కలను ఒకదానికొకటి కలిపి పూర్తి ప్రోగ్రాముగా చేసే పనిని లింకింగ్ అంటారు. నేత భాషలో చెబితే బీములు వేరు వేరుగా తయారయ్యాక పోగుకు పోగు ముడివేయడం లాంటిది.

ముడి వేయడానికి రెండు దారులు. మొదటిది స్టాటిక్ లింకింగ్. వడ్డీ లెక్క నకలు ఒకటి ప్రతి ప్రోగ్రాములోపలా కలిసిపోతుంది. ప్రోగ్రాము ఎక్కడికి వెళ్లినా తన లెక్క తనతోనే ఉంటుంది. లెక్క మారితే మాత్రం అన్ని ప్రోగ్రాములనూ మళ్లీ తయారుచేయాలి. రెండోది డైనమిక్ లింకింగ్. ప్రోగ్రాములో “వడ్డీ లెక్క ఫలానా లైబ్రరీలో ఉంది” అన్న గుర్తు మాత్రమే ఉంటుంది. ప్రోగ్రాము మొదలైనప్పుడు లోడర్ అనే సహాయకుడు ఆ లైబ్రరీని వెతికి తెచ్చి కలుపుతాడు. అలా అందరూ వాడుకునేదే షేర్డ్ లైబ్రరీ. విండోస్‌లో డీఎల్ఎల్ అనేదీ ఇదే జాతి. లినక్స్‌లో దాని పేరు చివర ఎస్ఓ అని ఉంటుంది.

ఇంకో లాభం కూడా ఉంది. మూడు ప్రోగ్రాములు ఒకేసారి నడుస్తున్నా లైబ్రరీలోని ఆజ్ఞల భాగం మెమరీలో ఒక్కసారే ఉంటుంది. ఎవరి అంకెలు మాత్రం వారి దగ్గరే ఉంటాయి. గోడ మీద పట్టిక ఒకటే, రఫ్ కాగితం ఎవరిది వారిది.

తయారీ, ఒక్కో అడుగు

లినక్స్‌లో జీసీసీ అనే ఉచిత కంపైలర్‌తో అమ్మాయి చేసిన పని ఇది. కమాండ్లను పలికే తీరులో తెలుగు లిపిలో రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాలు వాడాలి. పెద్ద అక్షరాలు ఎక్కడ కావాలో అక్కడే చెబుతాను.

మొదటి అడుగు: విడదీయడం. వడ్డీ లెక్కను మూడు ప్రోగ్రాముల్లోంచి తీసి వడ్డీ.సి అనే ఒక్క ఫైలులో పెట్టింది. పక్కన వడ్డీ.హెచ్ అనే చిన్న ఫైలు రాసింది. ఇందులో లెక్క ఉండదు. “నా పేరు ఇది, నాకు మొదట రోజువారీ నిల్వల మొత్తం, తర్వాత రేటు ఇవ్వాలి, నేను వడ్డీ పైసల్లో ఇస్తాను” అన్న ఒప్పందం మాత్రమే ఉంటుంది. కౌంటరు మీద ఏ ఫారం నింపాలో రాసిపెట్టే బోర్డు లాంటిది. మూడు ప్రోగ్రాములూ ఈ బోర్డును చూసి నడుచుకుంటాయి.

కథ నాకు పూర్తిగా అర్థం కావాలని, వడ్డీ.సిలో కావాలనే ఆ పాత తప్పు లెక్కనే ఉంచింది. “తర్వాత దిద్దుతాను, చూస్తూ ఉండు” అంది.

రెండో అడుగు: కంపైల్ చేయడం.

జీసీసీ -సి -ఎఫ్‌పీఐసీ వడ్డీ.సి

ఇందులో పీ, ఐ, సీ మూడూ పెద్ద అక్షరాలు, ముందున్న ఎఫ్ చిన్నది. చిన్న సి గుర్తుకు అర్థం “కంపైల్ మాత్రమే చెయ్యి, లింక్ చేయవద్దు” అని. పీఐసీ అంటే ఏ చోట పెట్టినా పనిచేసే ఆజ్ఞలు. ఇది ఎందుకు కావాలో నేను అడిగాను. షేర్డ్ లైబ్రరీ ఒక్కో ప్రోగ్రాములో మెమరీలోని ఒక్కో చిరునామాలో కూర్చోవలసి రావచ్చు. “7వ నంబరు బీరువా తెరువు” అని రాస్తే, వేరే బ్రాంచికి వెళ్లినప్పుడు ఆ బీరువా ఉండదు. “నీ కుర్చీకి ఎడమవైపు రెండో బీరువా తెరువు” అని రాస్తే ఎక్కడ కూర్చున్నా పని జరుగుతుంది. ట్రాన్స్‌ఫర్ల ఉద్యోగంలో ఉన్న మనకు ఈ మాట ఇంకొకరు విడమరచి చెప్పనక్కర్లేదు.

ఈ అడుగు తర్వాత వడ్డీ.ఓ అనే ఆబ్జెక్ట్ ఫైలు వస్తుంది.

మూడో అడుగు: లైబ్రరీగా కట్టడం.

జీసీసీ -షేర్డ్ -డబ్ల్యూఎల్,-ఎస్ఓనేమ్,లిబ్‌వడ్డీ.ఎస్ఓ.1 -ఓ లిబ్‌వడ్డీ.ఎస్ఓ.1.0 వడ్డీ.ఓ

డబ్ల్యూ ఒక్కటే పెద్దది. కామాల మధ్య ఖాళీ ఉండకూడదు. లైబ్రరీ పేరు ఎప్పుడూ లిబ్ అని మొదలవుతుంది. ఇక్కడ రెండు పేర్లు ఉన్నాయి గమనించండి. ఫైలు అసలు పేరు చివర 1.0. లోపల ముద్రించిన పేరు, అంటే ఎస్ఓనేమ్, చివర 1 మాత్రమే. రేపు చిన్న దిద్దుబాటు చేస్తే ఫైలు పేరు 1.1 అవుతుంది, లోపలి పేరు 1గానే ఉంటుంది. “ఒప్పందం మారలేదు” అనడానికి అది గుర్తు. దీని విలువ చివర్లో తెలుస్తుంది.

నాలుగో అడుగు: దారి చూపే గుర్తులు. ఎల్ఎన్ -ఎస్ అనే కమాండ్‌తో రెండు సింబాలిక్ లింకులు పెట్టాలి. అవి ఫైళ్లు కావు, ఫైలు వైపు చూపించే బాణాలు. చివర 1 ఉన్న పేరు 1.0 ఫైలును చూపిస్తుంది. నంబరే లేని లిబ్‌వడ్డీ.ఎస్ఓ అన్న పేరు, చివర 1 ఉన్న పేరును చూపిస్తుంది. మొదటి బాణం ప్రోగ్రాము నడిచేటప్పుడు లోడర్‌కు కావాలి. రెండోది ప్రోగ్రాము తయారయ్యేటప్పుడు లింకర్‌కు కావాలి.

ఐదో అడుగు: ప్రోగ్రామును లైబ్రరీతో లింక్ చేయడం.

జీసీసీ పాస్‌బుక్.సి -ఎల్. -ఎల్‌వడ్డీ -ఓ పాస్‌బుక్

ఇక్కడ రెండు ఎల్‌లు ఉన్నాయి. మొదటిది పెద్ద ఎల్, దాని పక్కన చుక్క. “లైబ్రరీని ఈ ఫోల్డరులో కూడా వెతుకు” అని అర్థం. రెండోది చిన్న ఎల్. “వడ్డీ అనే లైబ్రరీ కావాలి” అని అర్థం. ముందు లిబ్, వెనక ఎస్ఓ లింకర్ తనే చేర్చుకుంటుంది. చిన్న ఎల్‌ను ప్రోగ్రాము ఫైలు పేరు తర్వాతే రాయాలి. ముందు రాస్తే, అప్పటికి ఎవరూ అడగలేదు కదా అని కొన్ని సిస్టమ్‌లలో లింకర్ ఆ లైబ్రరీని పక్కన పెట్టేస్తుంది. ఆ తర్వాత “ఈ పేరు ఎక్కడా లేదు” అని గోల చేస్తుంది. పిల్లలు అరగంట తలపట్టుకునేది ఇలాంటి చోటే.

మిగతా రెండు ప్రోగ్రాములనూ ఇలాగే లింక్ చేసింది.

ఉన్నదాన్ని లేదంటుంది

అంతా అయ్యాక పాస్‌బుక్ ప్రోగ్రామును నడిపింది. నడవలేదు. షేర్డ్ లైబ్రరీలను లోడ్ చేయడంలో తప్పు, లిబ్‌వడ్డీ.ఎస్ఓ.1ను తెరవలేకపోయాను, అలాంటి ఫైలు లేదు అన్న అర్థంతో ఒక సందేశం వచ్చింది. ఫైలు మాత్రం అదే ఫోల్డరులో కళ్లెదుట ఉంది!

మొదటిసారి చేసేవాళ్లందరూ తప్పకుండా తగిలే రాయి ఇది. కారణం తెలిస్తే చిన్నదే. పెద్ద ఎల్‌తో మనం చెప్పింది లింకర్‌కు. లింకర్ తన పని ముగించి వెళ్లిపోయింది. ఇప్పుడు వెతుకుతున్నది లోడర్. అది వేరే మనిషి. మనం లింకర్‌తో చెప్పిన మాట దాని చెవిన పడలేదు. పగటి డ్యూటీ కాషియర్‌తో చెప్పిన మాట రాత్రి వాచ్‌మన్‌కు తెలియదు కదా! లోడర్ తనకు తెలిసిన చోట్లలోనే వెతుకుతుంది. ప్రస్తుత ఫోల్డరు వాటిలో ఉండదు.

పరిష్కారాలు మూడు. పరీక్ష కోసమైతే ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ అనే సెట్టింగులో ఫోల్డరు పేరు ఇవ్వవచ్చు. దాని అక్షరాలన్నీ పెద్దవే. ఇది తాత్కాలికం. శాశ్వతంగా ఉంచుకుంటే, ఆ ఫోల్డరులో ఎవరైనా అదే పేరుతో దొంగ లైబ్రరీ పెడితే ప్రోగ్రాము దాన్నే నమ్ముతుంది. రెండోది, అందరికీ కావలసిన లైబ్రరీ అయితే అడ్మినిస్ట్రేటర్ హక్కుతో సిస్టమ్ లైబ్రరీల ఫోల్డరులో పెట్టి ఎల్‌డీకాన్ఫిగ్ అనే కమాండ్ ఇవ్వడం. లోడర్ చూసుకునే జాబితాను అది తాజాగా రాస్తుంది. మూడోది, లింక్ చేసేటప్పుడే ఆర్‌పాత్ అనే గుర్తుతో ఆ చిరునామాను ప్రోగ్రాములో రాసిపెట్టడం.

అమ్మాయి మొదటి పద్ధతి వాడింది. ఎల్‌డీడీ అనే ఇంకో కమాండ్ ఇస్తే ఏ ప్రోగ్రాము ఏయే లైబ్రరీలను అడుగుతోందో, ఒక్కోటి ఎక్కడ దొరికిందో జాబితా వచ్చింది. మన లైబ్రరీ పేరు ఎదురుగా ముందు దొరకలేదు అని ఉండేది, ఇప్పుడు చిరునామా కనిపించింది. మన సొంత ప్రోగ్రాముకైతే ఇది చాలా ఉపయోగం. నమ్మకంలేని ప్రోగ్రాముల మీద మాత్రం ఎల్‌డీడీ వాడకూడదు, కొన్ని సందర్భాల్లో అది ఆ ప్రోగ్రామునే నడిపించే ప్రమాదం ఉంది.

మూడు ప్రోగ్రాములూ నడిచాయి. మూడూ 1 రూపాయి 20 పైసలే చూపించాయి. తప్పే అయినా మూడు చోట్లా ఒకే తప్పు!

ఒక్క దిద్దుబాటు

ఇప్పుడు వడ్డీ.సి తెరిచి 64 బిట్ల మార్పు చేసింది. సగం పైసా దాటితే పైకి సవరించేలా ఇంకో చిన్న మార్పూ చేసింది. లేకపోతే 2,473.97 పైసలను భాగహారం 2,473 దగ్గరే కత్తిరిస్తుంది. రెండో అడుగు, మూడో అడుగు మళ్లీ వేసి 1.1 అనే కొత్త ఫైలు తయారుచేసింది. బాణాన్ని 1.0 నుంచి 1.1 వైపు తిప్పింది. ప్రోగ్రాములను ముట్టుకోలేదు, మళ్లీ లింక్ చేయలేదు.

పాస్‌బుక్: 24 రూపాయల 74 పైసలు. సర్టిఫికెట్: 24 రూపాయల 74 పైసలు. సంవత్సరాంతపు జాబితా: 24 రూపాయల 74 పైసలు.

నిజం చెబుతున్నాను, నా కళ్లు చెమర్చాయి. ఆ రెండు చీటీల తల్లికి నేను ఇవ్వలేకపోయిన జవాబు తెర మీద కనిపించింది.

నిజమైన బ్యాంకుల కోర్ బ్యాంకింగ్ వ్యవస్థలు ఇంతకన్నా ఎంతో పెద్దవి, వాటి కట్టుబాట్లు వేరు. మా బల్ల మీది ఆటతో వాటిని పోల్చడం లేదు. కానీ అవసరం ఒకటే. 2010 ఏప్రిల్ 1న రోజువారీ లెక్క వచ్చింది. 2011 మే 3న సేవింగ్స్ రేటు 4 శాతం అయింది. అదే ఏడాది అక్టోబరు 25న ఆ రేటును నిర్ణయించుకునే స్వేచ్ఛ బ్యాంకులకే వచ్చింది. రెండేళ్లు తిరక్కముందే మూడు మార్పులు. లెక్క ఒకచోట ఉంటే మార్పు ఒకచోట చేస్తే చాలు.

పంచుకోవడంలో ప్రమాదం

అమ్మాయి ఉత్సాహంగా ఇంకో మార్పు చేసింది. లీపు సంవత్సరంలో 366తో కూడా లెక్క చూడవచ్చని, నిల్వల మొత్తం, రేటులతో పాటు సంవత్సరంలో రోజుల సంఖ్యను మూడో విలువగా ఇవ్వాలని లైబ్రరీలో రాసింది. ఎస్ఓనేమ్ మార్చకుండా కొత్త లైబ్రరీని పాత చోట పెట్టింది. ప్రోగ్రాములు నడిచాయి. ఒకటి అర్థంలేని అంకె ఇచ్చింది, ఇంకొకటి మధ్యలోనే కుప్పకూలింది.

ఎందుకంటే పాత ప్రోగ్రాములు పాత ఒప్పందం ప్రకారం రెండు విలువలే ఇస్తున్నాయి. కొత్త లెక్క మూడోదాన్ని కూడా తీసుకోబోయి, ఆ చోట అప్పటికి పడి ఉన్న చెత్త అంకెను రోజుల సంఖ్య అనుకుంది. అక్కడ సున్నా ఉంటే సున్నాతో భాగించబోయి కూలిపోతుంది. పెద్ద అంకె ఉంటే వడ్డీ పైసల్లోకి పడిపోతుంది. సి భాషలో లోడర్ పేరు మాత్రమే చూస్తుంది. ఎన్ని విలువలు, ఏ వరుసలో అన్నది సరిచూడదు. ఫారం మార్చి, పాత ఫారం నింపి తెచ్చినవాళ్లను కొత్త కౌంటరులో నిలబెట్టినట్టయింది.

మందు ముందే చెప్పాను, ఎస్ఓనేమ్. ఒప్పందం మారకుండా లోపల దిద్దితే చివరి నంబరు 1గానే ఉంచాలి. ఒప్పందం మారితే 2 చేయాలి. అప్పుడు 1, 2 రెండూ ఒకే కంప్యూటరులో ఉండవచ్చు. పాత ప్రోగ్రాములు 1ని వాడుకుంటాయి, మళ్లీ తయారైనవి 2ని వాడుకుంటాయి. ఎవరి పనీ ఆగదు.

ఇది పిల్లల ప్రాజెక్టులకే పరిమితమైన సంగతి కాదు. 2014 ఏప్రిల్‌లో ఓపెన్‌ఎస్ఎస్ఎల్ అనే లైబ్రరీలో హార్ట్‌బ్లీడ్ అన్న లోపం బయటపడింది. ఇంటర్నెట్‌లో సమాచారాన్ని గోప్యంగా పంపడానికి ఎన్నో సర్వర్లు వాడే లైబ్రరీ అది. తప్పు ఒకచోట ఉంది కాబట్టి ప్రమాదం ప్రపంచమంతా పాకింది. దిద్దుబాటు కూడా ఒకచోటే కాబట్టి లైబ్రరీ మార్చుకున్నవాళ్లు త్వరగా బయటపడగలిగారు. అయితే లైబ్రరీ మార్చడంతోనే పని పూర్తికాలేదు. అప్పటికే నడుస్తున్న ప్రోగ్రాములు మెమరీలోకి తెచ్చుకున్న పాతదాన్నే వాడుతుంటాయి. వాటిని ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. గోడ మీద పట్టిక మార్చినా, పొద్దున చూసి రాసుకున్న చీటీతోనే పనిచేసే గుమాస్తా ఉంటాడు కదా, అలా.

అట్టల నుంచి అరల దాకా

లైబ్రరీ అన్న మాట ఎలా వచ్చిందో చెప్పి ముగిస్తాను. 1949 మేలో ఇంగ్లాండులోని కేంబ్రిడ్జిలో ఎడ్‌శాక్ అనే కంప్యూటర్ మొదటి లెక్క చేసింది. దాన్ని నిర్మించిన మారిస్ విల్క్స్ బృందం, తరచూ కావలసిన లెక్కలను రంధ్రాలు కొట్టిన కాగితపు టేపుల మీద ఎక్కించి అరల్లో పెట్టుకునేది. కావలసినవాళ్లు తమ ప్రోగ్రాములో కలుపుకునేవారు. విల్క్స్, డేవిడ్ వీలర్, స్టాన్లీ గిల్ కలిసి దాని గురించి 1951లో పుస్తకం కూడా వెలువరించారు. అది నిజంగానే గ్రంథాలయం.

రంధ్రాల సంగతి సూరత్ నేతన్నలకు చెబితే నవ్వుతారు. జకార్డ్ మగ్గం మీద డిజైను ఉండేది అట్టల్లోనే. మగ్గం మగ్గమే, డిజైను డిజైనే. అట్టల దండ మారిస్తే అంచు మారుతుంది, అదే దండను ఇంకో మగ్గానికి ఎక్కిస్తే అదే అంచు అక్కడా వస్తుంది. ఒక అట్టలో ఒక రంధ్రం తప్పు పడితే, ఆ దండతో నేసిన ప్రతి చీరలోనూ అదే తప్పు. ఇప్పుడు ఎలక్ట్రానిక్ జకార్డ్‌లు వచ్చి అట్టల స్థానంలో ఫైళ్లు చేరాయి. సూత్రం మారలేదు.

సెలవులు అయిపోయి అమ్మాయి కాలేజీకి వెళ్లింది. వెళ్తూ వెళ్తూ, ఈ ప్రాజెక్టు రిపోర్టులో మొదటి పేజీలో ఏం రాయాలని అడిగింది. “బ్యాంకు ఒక్కటే, లెక్కా ఒక్కటే అని రాయి” అన్నాను. రాసిందట.

మీ ఇంట్లో కూడా కంప్యూటర్ చదివే పిల్లలుంటే, వాళ్ల ప్రోగ్రాములో వడ్డీ లెక్క ఎక్కడ పెట్టారో ఒకసారి అడిగి చూడండి. ఆపైన 20,000 రూపాయలు, 11 రోజులు, 2,000 రూపాయలు, 19 రోజులు, 3.5 శాతం ఇచ్చి ఎంత వస్తుందో చూడమనండి. 24 రూపాయల 74 పైసలు రాకపోతే ఇద్దరూ కలిసి కాగితం, పెన్సిలూ తీసుకుని కూర్చోండి. ఆ సాయంత్రం వృథా పోదు.